మెల్లిగా దించు

మూడో పిల్లల బడి నుంచి కూడా ఫోనొచ్చింది.
అప్పుడు నేను అరవై మీటర్ల ఎత్తున ఉన్నాను,
రోటర్‌డామ్ రేవులో, క్రేన్ గదిలో.
కాళ్ల కింద గాజు, గాజు కింద గాలి,
గాలి కింద ఒక ఓడ.
"యోరిస్ మళ్లీ కరిచాడు. వచ్చి తీసుకెళ్లండి."
వాడికి నాలుగేళ్లు.

నలభై టన్నుల పెట్టెను
వేలెడు సందులో దించగలను నేను.
పదహారు కిలోల కొడుక్కి
చలికోటు తొడగలేను.
గుండీ పెట్టబోతే తన్ను, పెట్టకపోతే ఏడుపు.
మెట్ల మీద పక్కింటి ముసలావిడ తలుపు
ఓరగా తెరుచుకోవడం, మూసుకోవడం.

ఒక రాత్రి నా చెయ్యి లేచింది.
పడలేదు. లేచిందంతే.
కానీ వాడు కళ్లు మూసుకున్న తీరు చూశాను.
ఎప్పుడూ దెబ్బ తినని పిల్లాడికి
ఆ తీరు ఎవరు నేర్పారు?
ఫెమ్కె వంటింట్లోంచి చూసింది. ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

డాక్టరు "పెద్దయితే సర్దుకుంటాడు" అన్నాడు.
మా అమ్మ "నువ్వూ ఇంతే" అంది, కొంచెం గర్వంగా.
ఒకచోట మా వీధి వాళ్ల హద్దులోకి రాదన్నారు.
ఒకచోట ఫోన్లో పాట వినిపించారు, నలభై నిమిషాలు.

చివరికి దారి చెప్పింది బరెండ్.
ఓడ మీద గొలుసులు బిగించే మనిషి,
ఎవరితోనూ సొంత సంగతి ఎత్తనివాడు.
కాఫీ చీటీ వెనక ఒక నంబరు రాసి
పేకముక్కలా బోర్లించి నా వైపు జరిపాడు.
"మా అమ్మాయి చిన్నప్పుడు," అన్నాడు.
"అక్కడ పిల్లల్ని బాగుచెయ్యరు.
నిన్ను నేల మీద కూర్చోబెడతారు."

ఏడు నెలలు వరసలో ఉన్నాం.
ఈలోపు రెండు కిటికీ అద్దాలు పోయాయి,
మా కుందేలుకి మనుషుల మీద నమ్మకం పోయింది.

గది చిన్నది. గోడకు అద్దం.
అద్దం వెనక హెడ్‌విగ్, నా చెవిలో ఆమె గొంతు.
నాకు అలవాటైన సంగతే.
రోజంతా చెవిలో ఎవరో ఒకరు:
ఎడమకు, ఇంకొంచెం, ఆగు, మెల్లిగా దించు.

"అయిదు నిమిషాలు. ఏమీ అడగొద్దు.
ఆజ్ఞలొద్దు. తప్పులెంచొద్దు.
వాడు చేస్తున్నది చూసి, చూసింది చెప్పండి."

"ఏం కడుతున్నావురా?"
"అది ప్రశ్న," అంది చెవి. "పరవాలేదు. మళ్లీ."
"అలా కాదు, పెద్దది కింద పెట్టు..."
"అది ఆజ్ఞ. పరవాలేదు."
ఎంత వెతికినా నా నోట్లో
ప్రశ్నా ఆజ్ఞా కాని మాట ఒక్కటీ దొరకదే!
నాలుగేళ్లూ వీడితో ఏం మాట్లాడాను నేను?

"నువ్వు... ఎర్ర దిమ్మ తీశావు."
వాడి చెయ్యి ఆగింది.
"నీలం దాని మీద పెడుతున్నావు.
మెల్లిగా పెడుతున్నావు."
వాడు నా వైపు చూశాడు,
ఓడ మీది మనిషి తలెత్తి
పైన క్రేన్లో ఎవరా అని చూసినట్టు.

మరుక్షణం కట్టిందంతా కూల్చి కేకలు.
"చూడొద్దు," అంది చెవి. "మీ ఆట మీరు ఆడండి."
పచ్చ దిమ్మ మీద పచ్చ దిమ్మ పెడుతూ కూర్చున్నాను.
వేళ్లు వణికాయి,
తొలిసారి మీట పట్టుకున్న రోజులా.
ఎంతసేపో తెలీదు.
మూడో దిమ్మ పట్టుకుని ఒక చిన్న చెయ్యి వచ్చింది.
"ఇప్పుడు," అంది చెవి. "ఇప్పుడే."
నాకేమో గొంతు పెగల్లేదు.

ఇప్పుడు చెవిలో ఎవరూ లేరు.
రోజూ రాత్రి తిండికి ముందు
గుడ్లు ఉడకబెట్టే గడియారం తిప్పి అయిదు నిమిషాలు.
మంగళవారం మళ్లీ కరిచాడు, నన్నే,
మణికట్టు మీద పళ్ల వరస ఇంకా ఉంది.

ఇవాళ సూప్ గిన్నె బల్ల మీద పెట్టబోతుంటే
బల్ల కింద నుంచి ఒక గొంతు:
"నాన్న గిన్నె పెడుతున్నాడు.
మెల్లిగా పెడుతున్నాడు."

ఫెమ్కె నీళ్ల పంపు కట్టేసింది.
గిన్నె కాలుతోంది.
ఇంకా దించలేదు నేను.